తప్పెవరిదో రాయని ఒప్పందం

వాషింగ్టన్‌లో వైట్‌హౌస్‌కి కూతవేటు దూరంలో, లఫయెట్ స్క్వేర్ అంచున ఒక ఎర్ర ఇటుకల భవనం ఉంది. అందులో నడిచే కోర్టు పేరు యునైటెడ్ స్టేట్స్ కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్. అమెరికాలో టీకా వేయించుకుని దెబ్బతిన్నామనుకునేవాళ్లు పరిహారం కోసం ముందుగా తట్టవలసిన తలుపు అదే. అలా వచ్చినవాళ్లకి మొదటి ఆశ్చర్యం ప్రతివాది పేరు చూడగానే కలుగుతుంది. టీకా తయారుచేసిన కంపెనీ పేరు అక్కడ ఉండదు. సూది గుచ్చిన నర్సు పేరూ ఉండదు. ఫెడరల్ ఆరోగ్య శాఖ అధిపతి ఉంటారు. ఆ తరఫున వాదించేది ప్రభుత్వ న్యాయశాఖ లాయర్లు. జ్యూరీ లేదు. నిర్ణయం చెప్పేది ‘స్పెషల్ మాస్టర్’ అనే న్యాయాధికారి.

ఇక్కడ మంజూరైన పరిహారాల్లో సుమారు 60 శాతం రాజీ మీద వచ్చినవే. ఆ రాజీ పత్రం ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడాలి. కొద్ది పేజీల కాగితం, అంకెలు వేసిన పేరాలు. ఫలానా తేదీన ఫలానా టీకా వేయించుకున్నారన్నది మొదట వస్తుంది. దానివల్ల తమకి ఫలానా జబ్బు చేసిందనీ, ఆరు నెలలు దాటినా తగ్గలేదనీ పిటిషనర్ అంటున్నారన్నది ఆ తర్వాత. వెంటనే ఇంకో పేరా: ఆ జబ్బు టీకా వల్ల వచ్చిందంటే ప్రతివాది ఒప్పుకోవడం లేదు. దాని కింద: ఎవరి వాదన మీద వాళ్లు నిలబడి ఉంటూనే వివాదాన్ని ముగించుకోవడానికి ఇరుపక్షాలూ సమ్మతించాయి. అప్పుడు వస్తుంది డబ్బు అంకె. చివర్లో మళ్లీ హెచ్చరిక, ఈ ఒప్పందాన్ని టీకా వల్లే జబ్బు వచ్చిందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టుగా ఎవరూ చదవకూడదని.

ఏడాదో రెండేళ్లో నొప్పితో వేగి, కాగితాలన్నీ పోగేసి, తీరా సంతకం పెట్టబోయే ముందు ‘ఒప్పుకోవడం లేదు’ అన్న ఆ వాక్యం చదివితే ఎవరికైనా కడుపు మండుతుంది. అక్కడే చాలామంది తడబడతారు. డబ్బు తక్కువైందని కొందరు వెనక్కి తగ్గుతారు గానీ, ఆ వాక్యం మింగుడుపడక ఆగిపోయేవాళ్లూ ఉంటారు. అందుకని పిటిషన్ వేయకముందే ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవలసిన సంగతి ఇది. కావలసింది వైద్యానికీ, పోయిన జీతానికీ డబ్బా? లేక ‘అవును, టీకా వల్లే’ అని ఎవరో ఒకరు కాగితం మీద రాసి ఇవ్వడమా? మొదటిది రాజీలో దొరుకుతుంది. రెండోది దొరకదు. అది కావాలనుకుంటే ప్రభుత్వమే తనంతట తాను ఒప్పుకునే కేసు అయ్యుండాలి, లేదా స్పెషల్ మాస్టర్ ముందు విచారణ నడిపి గెలవాలి.

ఇంత విచిత్రమైన ఏర్పాటు ఎందుకు వచ్చిందో తెలిస్తే ఆ వాక్యం మీద కోపం కొంత తగ్గవచ్చు. 1980ల మొదట్లో కోరింత దగ్గు, ధనుర్వాతం, డిఫ్తీరియాలకి కలిపి వేసే డీపీటీ టీకా వల్ల పిల్లల మెదడు దెబ్బతింటోందని అమెరికాలో కేసులు వెల్లువెత్తాయి. 1982లో వచ్చిన ఒక టీవీ డాక్యుమెంటరీ ఆ భయానికి ఆజ్యం పోసింది. కంపెనీలు ఒక్కొక్కటే ఆ టీకా తయారీ మానుకున్నాయి. 1984 చివరికి డీపీటీ తయారీదారు ఒక్కరే మిగిలారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మనవాళ్లు అనే పరిస్థితి తల్లిదండ్రులది. టీకా నిల్వలే నిండుకుంటాయేమోనన్న దిగులు ప్రభుత్వానిది. 1986లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది, 1988 అక్టోబర్ 1న పరిహార కార్యక్రమం మొదలైంది. పద్ధతి సులువైనది: ప్రతి డోసు మీద, అది ఆపే ఒక్కో జబ్బుకి 75 సెంట్ల పన్ను. ఫ్లూ టీకాకి 75 సెంట్లు, మూడు జబ్బులను ఆపే ఎంఎంఆర్‌కి 2.25 డాలర్లు. ఆ నిధిలోంచే పరిహారం. తప్పు ఎవరిదో నిరూపించనక్కర్లేదు. ఇంతవరకూ 500 కోట్ల డాలర్లకు పైగా పంచారు.

అంత పెద్ద అంకె చూసి టీకా అంటేనే ప్రమాదమనుకుంటే పొరపాటు. ఫెడరల్ ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం, 2006 నుంచి దేశంలో పంపిణీ అయిన టీకాల్లో సుమారు పది లక్షల డోసులకి ఒక్కరికి పరిహారం అందింది. అడిగిన ప్రతివాళ్లకీ ఇచ్చారని కూడా కాదు. టీకాల వల్ల ఆటిజం వచ్చిందంటూ 5,000కు పైగా పిటిషన్లు వచ్చిపడితే, వాటిలోంచి ఎంచిన నమూనా కేసులన్నీ 2009, 2010లలో సాక్ష్యం చాలక వీగిపోయాయి.

ఇక మన ఇళ్లలోకి వద్దాం. న్యూజెర్సీలోనో డల్లాస్ శివార్లలోనో ఉన్న కూతురి పురుడుకి అమ్మ వచ్చిందనుకుందాం. పసిబిడ్డను ఎత్తుకునేవాళ్లందరూ కోరింత దగ్గు టీకా, ఫ్లూ టీకా వేయించుకుంటే మంచిదని అక్కడి డాక్టర్లు చెబుతారు. మంచి సలహాయే. ఇంటి దగ్గర ఫార్మసీలో ఆవిడ కుర్చీలో కూర్చుంది, వేసేవాళ్లు నిలబడి వేశారు, సూది భుజం కండలో కాక మరీ పైన, కీలు దగ్గర దిగింది. మర్నాటికి చెయ్యి లేవదు. జడ వేసుకోవాలంటే మోచెయ్యి చెవి దాకా రాదు. పడుకుంటే ఆ పక్కకి తిరగలేదు.

“డాక్టర్ దగ్గరికి వెళ్దామమ్మా.”

“దేశంకాని దేశంలో ఎందుకే ఆ ఖర్చు? సూది నొప్పేగా, రెండ్రోజుల్లో పోతుంది. పోకపోతే ఇంటికెళ్లాక చూపించుకుంటాలే.”

కేసు సగం ఓడిపోయేది ఈ రెండో మాటతోనే. సూది తప్పుగా దిగడం వల్ల భుజానికి వచ్చే ఈ గాయాన్ని వైద్యులు, లాయర్లు ‘సిర్వా’ అంటారు. 2017 మార్చి నుంచి ఇది ప్రభుత్వ గాయాల పట్టికలో ఉంది. పట్టికలో ఉన్న గాయమైతే, అందులో చెప్పిన గడువులోగా లక్షణాలు మొదలైతే చాలు, టీకా వల్లే వచ్చిందని చట్టం అనుకుంటుంది; కాదని చూపించవలసిన భారం ప్రభుత్వం మీద పడుతుంది. సిర్వాకి గడువు 48 గంటలు. ఫ్లూ టీకా తర్వాత కాళ్లూ చేతులూ చచ్చుబడే గిలన్ బారే సిండ్రోమ్‌కి 3 నుంచి 42 రోజులు. ఒళ్లంతా ఉబ్బి ఊపిరాడని అనఫిలాక్సిస్‌కి 4 గంటలు. అంటే ముఖ్యంగా రుజువు చేయవలసింది నొప్పి 48 గంటల్లో మొదలైందన్నది. ఆరు నెలల తర్వాత హైదరాబాద్‌లో మొదటిసారి డాక్టర్‌కి చూపించుకుంటే, ఆ 48 గంటల సంగతి ఆవిడ నోటి మాట తప్ప ఇంకెక్కడా ఉండదు. కుటుంబ సభ్యుల ప్రమాణపత్రాలు పనికిరావని కాదు, వాటినీ చదువుతారు. కానీ స్పెషల్ మాస్టర్ల దృష్టిలో ఆ రోజుల్లో డాక్టర్ రాసిన నాలుగు ముక్కలే ఎక్కువ బరువు.

కాబట్టి డాక్టర్ దగ్గరకి వెళ్లినప్పుడు మాట జాగ్రత్త. నొప్పి ఎప్పటినుంచి అని అడిగితే మనకి అలవాటైన జవాబు “ఈమధ్యే” అని. కంప్యూటర్‌లో అదే ఎక్కుతుంది. “ఫలానా తేదీన ఈ చేతికి ఫ్లూ టీకా వేయించుకున్నాను, ఆ రాత్రే మొదలైంది” అని చెప్పాలి, నర్సుతోనూ, డాక్టర్‌తోనూ, ఫిజియోథెరపిస్టుతోనూ. ఇంకో చిన్న సంగతి పెద్ద కేసుల్ని ముంచుతుంది: ఏ చెయ్యి? ఫార్మసీ వాళ్లు ఫారం ముందే నింపి ఉంచుకుని ‘ఎడమ చెయ్యి’ అని కొట్టేస్తారు, మీరు కుడి భుజం ఇస్తారు. రెండేళ్ల తర్వాత గవర్నమెంట్ లాయర్ మొదట చూపించేది ఆ ఫారమే. టీకా రికార్డు కాపీ వెంటనే తెచ్చుకుని చూసుకుంటే, తప్పుంటే అప్పుడే రాతపూర్వకంగా చెప్పవచ్చు.

అమ్మ పౌరురాలు కాదు కదా అన్న సందేహం అక్కర్లేదు. పౌరసత్వం ప్రశ్న కాదు, టీకా అమెరికాలో వేశారా లేదా అన్నదే ప్రశ్న. తిరిగి వచ్చాక విజయవాడలోనో వరంగల్‌లోనో చేయించుకున్న ఎమ్మారై, ఫిజియోథెరపీ చీటీలు అన్నీ సాక్ష్యాలే. మందుల చీటీ మీద తేదీ, డాక్టర్ పేరు, ముద్ర ఉండాలి. మన దగ్గర చీటీలు పేషెంట్ చేతికే ఇచ్చేస్తారు, అవి కాస్తా బీరువాలో చీరల కింద మాయమవుతాయి. ఒక ఫైలు పెట్టి దాచాలి. బాధ కనీసం ఆరు నెలలకు పైగా ఉన్నట్టు చూపిస్తేనే పిటిషన్ నిలుస్తుంది (ఆస్పత్రిలో చేరి ఆపరేషన్ చేయించుకున్నా నిలుస్తుంది) కనుక నాలుగో నెలలోనూ ఏడో నెలలోనూ డాక్టర్‌కి చూపించుకున్న దాఖలాలకి విలువ ఎక్కువ. టీకాకి ముందు మూడేళ్ల రికార్డులు కూడా అడుగుతారు, ఆ భుజానికి పాత నొప్పి ఉందేమో చూడ్డానికి. ఉంటే దాచకండి. వాళ్లే వెతికి పట్టుకుంటే ఆ తర్వాత మీరు చెప్పే నిజం కూడా నమ్మరు.

గడువు మూడేళ్లు. ఎప్పటినుంచి? జబ్బు పేరు తెలిసిన రోజు నుంచి కాదు, టీకా మీద అనుమానం వచ్చిన రోజు నుంచీ కాదు, మొదటి లక్షణం కనిపించిన రోజు నుంచి. ఒక డాక్టర్ కేసే దీనికి ఉదాహరణ. హెపటైటిస్-బి టీకాల తర్వాత 1997లో ఆవిడకి నరాల లక్షణం మొదటిసారి కనిపించింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని నిర్ధారణ అయింది 2003లో. 2005లో పిటిషన్ వేశారు. ‘క్లోయర్’ కేసుగా పేరుపడ్డ ఆ వ్యవహారంలో 2011లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు గడువు ఎప్పుడో దాటిపోయిందని తేల్చింది. స్వయంగా డాక్టరైన మనిషికే అలా జరిగింది. మరణించిన కేసుల్లో గడువు ఇంకా తక్కువ: చనిపోయిన నాటినుంచి రెండేళ్లు, అదీ మొదటి లక్షణం కనిపించిన నాలుగేళ్ల లోపు.

లాయర్ ఫీజు గురించి భయపడి వెనక్కి తగ్గేవాళ్లకి ఒక శుభవార్త. ఈ కార్యక్రమంలో లాయర్‌కి క్లయింట్ నుంచి ఫీజు తీసుకునే హక్కు లేదు. గెలిచినా, ఓడినా (పిటిషన్ నిజాయతీగా, తగిన ఆధారంతో వేసినదైతే) ఫీజును కోర్టు నిర్ణయించి ఆ నిధిలోంచే ఇప్పిస్తుంది. అందుకని “వచ్చిన దాంట్లో మూడో వంతు నాది” అన్న లాయర్ ఎవరైనా తగిలితే అక్కడినుంచి లేచి రావడమే. టీకా కేసులు చేసే లాయర్ల జాబితా కోర్టే ఉంచుతుంది. మామూలు రోడ్డు ప్రమాదాల లాయర్ ఎంత సమర్థుడైనా ఈ పట్టికలూ, ఈ పద్ధతులూ తెలియకపోతే ప్రయోజనం లేదు.

ఇంతకీ ఎంతకి ఒప్పుకోవాలి? బేరం ఇక్కడే మొదలవుతుంది, మనసు కుదురుగా ఉండవలసిందీ ఇక్కడే. చట్టం నాలుగు పద్దులు గుర్తిస్తుంది. ఇన్సూరెన్స్ కట్టని వైద్య ఖర్చులు, ఇకముందు రాబోయే ఖర్చులు, పోయిన సంపాదన, నొప్పికీ మనోవేదనకీ ఇచ్చే మొత్తం. ఈ నాలుగోదానికి 2,50,000 డాలర్లు గరిష్ఠ పరిమితి. మరణానికి ఇచ్చేదీ అంతే. 1986లో గీసిన ఆ గీత ఇన్నేళ్లయినా జరగలేదు. నలభై ఏళ్ల ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకోని చట్టసభని ఏమనాలో తెలియదు. ఇన్సూరెన్స్ కట్టిన బిల్లులు మళ్లీ రావు కనుక, మొత్తం బిల్లు చూసి ఆశలు పెంచుకోకూడదు. మీ జేబులోంచి పోయినదే లెక్క.

నొప్పికి ఖరీదు కట్టడం ఎలా? గత తీర్పులు చదవడమే మార్గం. అవి కోర్టు వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. 2018లో వెలువడ్డ భుజం కేసుల్నే చూస్తే, ఆపరేషన్ దాకా వెళ్లని ఒక కేసులో నొప్పి పద్దు కింద 75,000 డాలర్లు, ఆపరేషన్ అయిన ఇంకో కేసులో 1,20,000 డాలర్లు ఇచ్చారు. మంచి లాయర్ మీ కేసుకి దగ్గరగా ఉన్న అయిదారు తీర్పులు ముందు పెట్టుకుని, ఆపరేషన్ అయిందా, ఎన్ని ఇంజెక్షన్లు, ఎన్ని ఫిజియోథెరపీ సిట్టింగులు, మధ్యలో వైద్యం మానేసిన నెలలు ఎన్ని అని పోల్చి చూస్తారు. ఆ చివరి ప్రశ్న మీదే గవర్నమెంట్ లాయర్లు ఎక్కువ పట్టుపడతారు. “నాలుగు నెలలు డాక్టర్ దగ్గరికే వెళ్లలేదు కదా, అంత నొప్పి ఎక్కడిది?” అంటారు. పనిలో పడి వెళ్లలేకపోయారా, ఇన్సూరెన్స్ అయిపోయిందా, నెలలు నిండుతున్న కూతురిని వదిలి కదలలేకపోయారా, కారణం ఏదైనా ప్రమాణపత్రంలో రాయించాలి.

మీ లాయర్ డిమాండ్ లెటర్ పంపుతారు. అటునుంచి తక్కువ అంకె వస్తుంది. మొదటి అంకె చూసి అవమానంగా తీసుకోవద్దు, అది బేరం మొదలుపెట్టడానికి వేసిన అంకె. రెండు మూడు ఉత్తరాల తర్వాత ఒక చోటకి వస్తారు. అప్పుడు కూడా పని అయిపోయినట్టు కాదు. పైఅధికారుల ఆమోదం రావాలి కనుక రాజీ పత్రం దాఖలు చేయడానికి స్పెషల్ మాస్టర్ సాధారణంగా 15 వారాల గడువు ఇస్తారు. ఈలోగా కొత్త కారుకి అడ్వాన్స్ కట్టడం తెలివైన పని కాదు.

ఎప్పుడు వద్దనాలి? బాధ్యత ప్రభుత్వమే ఒప్పుకున్న కేసులో అంకె మరీ తక్కువైతే, స్పెషల్ మాస్టర్‌నే తేల్చమని అడగడం లాభం. అక్కడ ఓడిపోయే భయం లేదు, ఎక్కువ తక్కువల ప్రశ్నే. కానీ గాయం పట్టికలో లేనిదైతే లెక్క మారుతుంది. అప్పుడు టీకాకీ జబ్బుకీ సంబంధాన్ని మీరే రుజువు చేయాలి. 2005 నాటి ‘ఆల్తెన్’ తీర్పు దానికి మూడు మెట్లు పెట్టింది: ఈ టీకా ఈ జబ్బు తేగలదనే వైద్య సిద్ధాంతం, ఈ మనిషిలో అలాగే జరిగిందనే తార్కికమైన వరుస, రెండింటికీ మధ్య అతికే కాలవ్యవధి. ఈ మూడింటికీ నిపుణులు కావాలి, అటువైపు నిపుణులు కాదంటారు, ఏళ్లు గడుస్తాయి. ఇలాంటి కేసుల్లోనే రాజీ ఎక్కువ. ఇద్దరికీ ఓడిపోయే భయం ఉంటుంది. పట్టికలో లేని గాయం, నిపుణుల రిపోర్టు బలహీనం, చేతికి నికరంగా కొంత వస్తోంది అన్నప్పుడు ‘ఒప్పుకోవడం లేదు’ అన్న వాక్యం మింగి సంతకం పెట్టడమే తెలివి. ఇక్కడ కాదనుకుని మామూలు కోర్టులో కంపెనీ మీద పడదామన్నా, టీకా రూపకల్పనలోనే లోపముందన్న వాదనకి 2011లో ‘బ్రూస్‌విట్జ్’ కేసులో సుప్రీంకోర్టు ఆ తలుపు మూసేసింది.

పిల్లల కేసుల్లో మాత్రం తొందర పనికిరాదు. జీవితాంతం సంరక్షణ కావలసిన బిడ్డకి ఏకమొత్తం ఎంత పెద్దదైనా కరిగిపోతుంది. లైఫ్ కేర్ ప్లానర్ అనే నిపుణులు వీల్‌చెయిర్ ఎన్నేళ్లకి మార్చాలి, నర్సు రోజుకి ఎన్ని గంటలు కావాలి అనేదాకా పట్టిక వేస్తారు. దాని మీద ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఏటేటా వచ్చే యాన్యుటీ కొనిపిస్తారు. మైనర్ తరఫున డబ్బు తీసుకోవడానికి తల్లిదండ్రులే అయినా స్థానిక కోర్టు నుంచి గార్డియన్ ఉత్తర్వు తెచ్చుకోవలసి వస్తుంది. ఆ పని ముందే మొదలుపెడితే చివర్లో నెలలు కలిసొస్తాయి.

మనవాళ్లని ఇబ్బంది పెట్టే సంగతి ఇంకొకటి. నిర్ణయాలు ఇంటర్నెట్‌లో పెడతారు. పేరు, జబ్బు, డబ్బు అంకె, ఊళ్లో బంధువులతో సహా ఎవరైనా చదవవచ్చు. వివరాలు తీసేయమని అడగడానికి గడువు 14 రోజులు. మైనర్ పేరుకి పొడి అక్షరాలు వాడమని అడగవచ్చు. ఆ రెండు వారాలు దాటనివ్వకండి.

కోవిడ్ టీకాలకి ఈ దారి లేదు. అవి వేరే పథకం కిందకి వస్తాయి. దానికి గడువు టీకా వేసిన నాటినుంచి ఒక్క ఏడాదే, లాయర్ ఫీజు ఇవ్వరు, కోర్టు విచారణ లేదు. ఇండియాలో వేయించుకున్న టీకా అయితే సాధారణంగా అమెరికా చట్టం వర్తించదు. కోవిషీల్డ్ తర్వాత కూతుళ్లని పోగొట్టుకున్న తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకి వెళ్తే, 2022 నవంబర్‌లో కేంద్రం ఇచ్చిన జవాబు, పరిహారం కావాలంటే సివిల్ కోర్టుకి వెళ్లవచ్చని. బ్రిటన్‌లో 1979 నుంచి వేరే పథకం ఉంది. 60 శాతం వైకల్యం ఉందని తేలితే 1,20,000 పౌండ్లు ఒకేసారి ఇస్తారు, తేలకపోతే ఏమీ ఇవ్వరు. 59 శాతానికీ ఏమీ రాదు.

అమెరికాలో టీకా వేయించుకున్నాక నొప్పి వారం దాటి ఉంటే, కేసు వేస్తారో లేదో తర్వాత చూసుకోవచ్చు. ముందు డాక్టర్‌కి చూపించండి, తేదీ చెప్పి రాయించండి, టీకా వేసిన చోటుకి వెళ్లి రికార్డు కాపీ ఈ వారమే అడిగి తెచ్చుకోండి, అందులో ఏ చెయ్యి అని రాశారో అక్కడే నిలబడి చూసుకోండి.